చీటీ లేకుండా కొనే మందులు, బలం పొడులు: కర్నూలు మందుల షాపులో తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఫార్మసిస్టుని. కర్నూలులో కొండారెడ్డి బురుజుకు నడిచి వెళ్ళేంత దూరంలో మా షాపు. ఇరవై రెండేళ్ళుగా ఈ కౌంటరు వెనకే ఉన్నాను. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా వచ్చేవాళ్ళలో చాలామంది చేతిలో డాక్టరు చీటీ ఉండదు. ఒంట్లో బాధ చెప్పి మందు అడుగుతారు. లేదంటే నలిగిపోయిన షీటు ముక్క చూపించి "ఇదే ఇయ్యన్నా" అంటారు. ఊళ్ళో డాక్టరు లేక, ఉన్నా ఫీజు కట్టలేక, ఒక రోజు కూలి పోగొట్టుకోలేక వచ్చేవాళ్ళే ఎక్కువ. వాళ్ళను తప్పు పట్టను. కష్టపడిన డబ్బుతో కొంటున్నది ఏమిటో తెలిసి కొనాలన్నదే నా ఆరాటం. అందుకే రోజూ వినే ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాశాను.

ఓటీసీ మందులంటే ఏవి? ప్రభుత్వం జాబితా ఏదైనా ఇచ్చిందా?

చీటీ అడగకుండా కౌంటరు మీద ఇచ్చే మందులను వ్యాపారంలో ఓటీసీ అంటాం. చట్టంలో మాత్రం ఆ పేరుతో జాబితా లేదు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద 1945లో వచ్చిన నియమాల్లో షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ అని పట్టికలున్నాయి. వాటిలో ఉన్న మందులకు చీటీ తప్పనిసరి. వాటిలో లేనివి చీటీ లేకుండా అమ్మొచ్చు. అంటే మనం ఓటీసీ అంటున్నది ఏరి కూర్చిన జాబితా కాదు, తీసివేతల తరవాత మిగిలింది. 2022లో కేంద్ర ఆరోగ్య శాఖ 16 మందులతో ఒక ముసాయిదా తెచ్చింది. పారాసిటమాల్ 500, తామరకు వాడే క్లోట్రిమజోల్, పుండ్లకు పూసే పోవిడోన్ అయోడిన్ లాంటివి అందులో ఉన్నాయి. ఐదు రోజులకు మించి వాడకూడదనీ, అంతకు మించిన ప్యాకు ఇవ్వకూడదనీ అందులో రాశారు. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోవాలన్న ఆ ఐదు రోజుల లెక్క, మింగే మందులతో చేసుకునే ఏ సొంత వైద్యానికైనా పెట్టుకోదగ్గ హద్దు అని నా అభిప్రాయం.

మా పల్లెలో కిరాణా అంగడిలోనే జెరం మాత్రలు అమ్ముతారు. అది దొంగ వ్యాపారమా?

కావాల్సిన పని లేదు. జనాభా వెయ్యికి మించని పల్లెల్లో కొన్ని ఇంటి మందులను లైసెన్సు లేకుండా అమ్ముకోవచ్చని షెడ్యూల్ కె చెబుతుంది. పారాసిటమాల్, ఆస్పిరిన్, నొప్పి బాములు, యాంటాసిడ్లు, గ్రైప్ వాటర్, ఆముదం, యూకలిప్టస్ నూనె, దూది, బ్యాండేజీ అందులో ఉన్నాయి. కంపెనీ ప్యాకింగు విప్పకూడదు, లైసెన్సున్న హోల్‌సేలు నుంచే తెచ్చి ఉండాలి. అదే అంగడిలో బీడీ కట్టల పక్కన యాంటీబయాటిక్ షీటు వేలాడుతుంటే మాత్రం అది నేరమే.

షీటు మీద ఎర్ర గీత ఎందుకుంటుంది?

డాక్టరు రాస్తేనే వాడాలని గుర్తు. 2016లో కేంద్రం ఈ ఎర్ర గీత గురించి పెద్ద ఎత్తున ప్రచారం చేసింది, ముఖ్యంగా యాంటీబయాటిక్స్ కోసం. దీనికంటే గట్టిది హెచ్1. 2013లో నోటిఫై అయి 2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. సెఫిక్సిమ్, లీవోఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్స్, టీబీ మందులు, ఆల్ప్రజోలామ్ లాంటి నిద్ర మాత్రలు, ట్రమడాల్, కోడీన్ ఇందులోకి వస్తాయి. ఇవి అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చామన్నది రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. మీ పేరు రాయకుండా ఇవి చేతిలో పెట్టే షాపు మీకు మేలు చేస్తున్నట్టు అనిపిస్తుంది కానీ అది మేలు కాదు.

"గొంతు నొప్పికి రెండు అజిత్రాల్ ఇయ్యి చాలు" అనేవాళ్ళు రోజుకు పదిమంది. జలుబు, చాలా గొంతు నొప్పులు వైరస్ వల్ల వచ్చేవి. వాటి మీద యాంటీబయాటిక్ పని చేయదు. మూడో రోజుకు తగ్గితే ఆ మాత్ర వల్లే తగ్గిందని నమ్మకం కుదురుతుంది, మళ్ళీ అదే అడుగుతారు. నిజంగా అవసరమైన రోజున అది పని చేయకుండా పోతుంది.

ఒకే అరలో ఉన్న డబ్బాల్లో ఏది మందు, ఏది కాదు?

ఈ ఒక్కటి అర్థమైతే మిగతా సగం ప్రశ్నలకు జవాబు దొరికినట్టే. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మా షాపులో ఎడమ పక్క అరలో మూడు వస్తువులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి పారాసిటమాల్, ఒకటి తలనొప్పి బాము, మూడోది మల్టీవిటమిన్ డబ్బా. చూడ్డానికి మూడూ మందులే. చట్టం దృష్టిలో మూడూ వేరు వేరు ఇళ్ళలో పుట్టాయి.

పారాసిటమాల్ షీటు వెనక తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన నెల, గడువు నెల, మూల మందు ఎన్ని మిల్లీగ్రాములన్నది ఉంటాయి. ఇది ఔషధ చట్టం కింద తయారైనది. అమ్మడానికి లైసెన్సూ ఫార్మసిస్టూ కావాలి. డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు శాంపిల్ తీసి ల్యాబుకు పంపుతారు.

బాము డబ్బా తిప్పి చూడండి. ఆయుర్వేద ఔషధం అని రాసి ఉంటుంది. అమృతాంజనం, మన దేశంలో అమ్మే విక్స్ వేపోరబ్, కడుపు ఉబ్బరానికి తాగే ఈనో కూడా ఈ కోవలోవే. తయారు చేయడానికి ఆయుష్ లైసెన్సు కావాలి. చిల్లరగా అమ్మడానికి మాత్రం లైసెన్సు అక్కర్లేదు. అందుకే కిళ్ళీ బంకులో, బస్సులో, జాతరలో కూడా దొరుకుతాయి. (అమృతాంజనం మొదలుపెట్టింది మన తెలుగాయన, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు, 1893లో, బొంబాయిలో. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక చేసుకున్నది మద్రాసులోని ఆయన ఇంట్లోనే. ఆ బాము సీసా అమ్మినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.) ఆయుర్వేదమని రాసి ఉంటే హాని ఉండదని అనుకోవద్దు. ఈనోలో సోడియం ఎక్కువ, బీపీ ఉన్నవాళ్ళు రోజూ తాగేది కాదు.

మూడో డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) గుర్తు, 14 అంకెల నంబరు ఉంటాయి. బిస్కెట్ ప్యాకెట్టు మీద ఉండే గుర్తే అది. అంటే ఇది ఆహారం. 2006 నాటి ఆహార భద్రత చట్టం కిందికి వస్తుంది. ఇలాంటి వాటి మీద ఔషధంగా వాడడానికి కాదని ఇంగ్లీషులో చిన్న అచ్చులో వేయాలి, వేస్తారు కూడా. ఏ జబ్బునైనా నయం చేస్తుందనో రాకుండా ఆపుతుందనో చెప్పుకునే హక్కు దానికి లేదు. ఒకే కంపెనీ ఒకే రకం విటమిన్లను మందు లైసెన్సు కింద ఒక పేరుతో, ఆహారం లైసెన్సు కింద ఇంకో పేరుతో అమ్మడం కూడా ఉంది. ముందువైపు బొమ్మలు ఒకేలా ఉంటాయి. తేడా వెనకవైపే కనిపిస్తుంది.

బలం పొడులు పిల్లలకు పెట్టాలా? పక్కింటి వాళ్ళు పెడుతున్నారు.

ఒక రోజు కల్లూరు నుంచి ఒక అక్క వచ్చింది. ఇళ్ళల్లో పనిచేస్తుంది. కొడుకు సన్నగా ఉన్నాడని చెప్పి, కొంగు ముడిలోంచి నాలుగు వందలు తీసి ప్రోటీన్ పొడి అడిగింది. డబ్బా తిప్పి ఆమె ముందే లెక్క చెప్పాను. వంద గ్రాముల పొడిలో ప్రోటీన్ ముప్ఫై గ్రాములు దాటలేదు, మిగతాదాంట్లో పెద్ద భాగం చక్కెర, పిండి. వంద గ్రాముల చెనక్కాయ గింజల్లో దాదాపు 25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు. మన కందిపప్పులో వందకు 20 పైన. నాలుగు వందలకు ఎన్ని గుడ్లు వస్తాయో ఆమెకే నాకంటే బాగా తెలుసు. చెనక్కాయ పండించే సీమలో పుట్టి, చక్కెర పొడికి కూలి డబ్బులు పోయడం నాకు బాధగా ఉంటుంది.

అలాగని అన్నీ దండగ అనను. ఆపరేషన్ అయి కోలుకుంటున్నవాళ్ళకు, మింగలేని ముసలివాళ్ళకు, డాక్టరు చెప్పిన లోపం ఉన్నవాళ్ళకు ఇవి పనికొస్తాయి. ఏ పోషకం రోజుకు ఎంత కావాలన్నది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క కట్టి 2020లో ప్రకటించింది. డబ్బా మీద ఆర్‌డీఏ శాతం అని ఉండేది ఆ లెక్కే. తిండి సరిగ్గా తినేవాడికి దాని మీద ఇంకో వంద శాతం చేరిస్తే బీ విటమిన్లు ఎక్కువగా మూత్రంలో పోతాయి. పచ్చగా పోతుందని కొందరు భయపడి వస్తారు కూడా.

అయితే మీ షాపుల్లో ఇవే ముందు వరసలో ఎందుకు పెడతారు?

లాభం ఎక్కువ కాబట్టి. దాచాల్సిన పని లేదు. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి ప్రభుత్వం గరిష్ఠ ధర కడుతుంది. ఆ లెక్కలో చిల్లర షాపుకు 16 శాతం మార్జిన్. జాబితాలో లేని మందుల ధరను కంపెనీ ఏడాదికి 10 శాతం వరకు పెంచుకోవచ్చు. ఆహారం కింద వచ్చే పొడికి ఈ కట్టడి ఏదీ లేదు, కంపెనీ వేసిందే ఎంఆర్‌పీ. దాని మీద స్కీములు వస్తాయి, పదికి రెండు ఫ్రీ, పదికి నాలుగు ఫ్రీ అని. షాపు అద్దె, కరెంటు, ఫార్మసిస్టు జీతం పారాసిటమాల్ మీద రావు. అందుకే ఏ షాపులోనైనా కంటి ఎత్తులో పొడులు, కౌంటరు కింద గళ్ళలో మాత్రలు ఉంటాయి. మీరు అడగకుండానే మీ బిల్లులో చేరిన "బలం సిరప్" ఏదైనా ఉంటే, అది చీటీలో ఉందా అని అడగండి. అడిగితే ఏ షాపువాడూ కోప్పడకూడదు.

ఒకే పారాసిటమాల్ ఒకచోట చవక, ఒకచోట ఖరీదు. చవకది పని చేస్తుందా?

మన దేశంలో ఒకే మూల మందును వందల కంపెనీలు సొంత పేర్లు పెట్టి అమ్ముతాయి. జనం అడిగేది పేరు, ఒంట్లో పని చేసేది మూల మందు. 2008లో మొదలైన జన ఔషధి షాపుల్లో పేరు లేకుండా మూల మందు పేరుతోనే అమ్ముతారు, బ్రాండుతో పోలిస్తే సాధారణంగా 50 నుంచి 80 శాతం తక్కువకు. ఆ సరుకు ప్రతి బ్యాచ్‌నూ ల్యాబులో పరీక్షించాకే షాపులకు పంపుతారు. బీపీకీ షుగరుకూ నెలనెలా మందులు కొనేవాళ్ళు అక్కడికి వెళ్ళమని నేనే చెబుతాను, నా వ్యాపారం తగ్గినా సరే. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో వైద్యానికి అయ్యే మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం జేబులోంచి పోతోంది. అందులో మందుల వాటా చిన్నది కాదు.

ఇంకో మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో అది చూసుకోండి.

జెరానికి పారాసిటమాల్ ఎన్ని వేసుకోవచ్చు?

పెద్దవాళ్ళు 24 గంటల్లో 4 గ్రాములు ఎప్పుడూ దాటకూడదు. 650 మాత్రలు రోజుకు నాలుగు, ఒక్కోదానికీ మధ్య ఆరు గంటలు అనుకుంటే హద్దులోనే ఉంటారు. చిక్కంతా జలుబు మాత్రతో. చాలా జలుబు మాత్రల్లో పారాసిటమాల్ 500 దాక్కుని ఉంటుంది. జెరానికి ఒకటి, జలుబుకు ఒకటి, ఒళ్ళు నొప్పులకు ఒకటి అని మూడు రకాలు మింగితే మూడింటిలోనూ అదే ఉండొచ్చు. దెబ్బ తినేది కాలేయం. రోజూ మద్యం తాగేవాళ్ళకు ఆ దెబ్బ తొందరగా తగులుతుంది.

పిల్లలకు వయసు కాదు, బరువు లెక్క. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు ఒక మోతాదు 100 నుంచి 150. ఇక్కడే ప్రమాదం ఉంది. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములుంటాయి. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125. ఇంకో సిరప్‌లో అదే 5 మిల్లీలీటర్లకు 250. ఒకసారి ఒక చిన్న వయసు తల్లి చుక్కల సీసా, సిరప్ మూత రెండూ చేతిలో పట్టుకుని వచ్చింది. చుక్కల డ్రాపర్ విరిగిపోయిందట, సిరప్ మూతతో 5 మిల్లీలీటర్లు పోసింది. తాగించే ముందు అనుమానం వచ్చి బండెక్కి నేరుగా షాపుకు వచ్చింది. ఆ మూతలో ఉన్నది 500 మిల్లీగ్రాములు. బిడ్డ బరువు తొమ్మిది కిలోలు. ఆమె అనుమానమే ఆ రోజు బిడ్డను కాపాడింది. అప్పటి నుంచి చుక్కల సీసా అమ్మితే డ్రాపర్ తీసి, ఎంతవరకు లాగాలో గీత చూపించి మరీ ఇస్తున్నాను.

పిల్లలకు దగ్గు సిరప్ ఇవ్వొచ్చా?

నాలుగేళ్ళ లోపు పిల్లలకు క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందు వాడకూడదని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ లేబులు మీద రాయించమంది. అసలు చిన్నపిల్లల దగ్గు చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగిన చిన్నారులు కిడ్నీలు దెబ్బతిని చనిపోయారు. ఆ మందులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం కలిసి ఉందని పరీక్షల్లో తేలింది. అది పరిశ్రమల్లో వాడే ద్రావకం, మందులో ఉండనే కూడదు. ఆ వార్త వచ్చిన వారం మా షాపులో ఇంట్లో ఉన్న సీసాలన్నీ సంచిలో వేసుకుని తెచ్చి కౌంటరు మీద పరిచిన తండ్రులున్నారు. సీసా చూసి విషం ఉందో లేదో నేను చెప్పలేను, ల్యాబు చెప్పాలి. నేను చెప్పగలిగింది ఒక్కటే, డాక్టరు రాయకుండా చిన్నపిల్లలకు దగ్గు సిరప్ కొనొద్దు. నిమిసులైడ్ కూడా అంతే. 12 ఏళ్ళ లోపు పిల్లలకు దాన్ని 2011లోనే నిషేధించారు. ఇప్పటికీ పాత అలవాటుతో అడిగేవాళ్ళున్నారు.

ఎండాకాలం ఏ ఓఆర్‌ఎస్ కొనాలి? అట్టపెట్టెలో వచ్చేది మంచిదా?

మనకు ఎండ 43, 44 డిగ్రీలు దాటే ఊరు. బేదులు, వడదెబ్బ మొదలైతే ఓఆర్‌ఎస్ కంటే ప్రాణం నిలిపే వస్తువు నా షాపులో ఇంకోటి లేదు. అందుకే దీని గురించి మోసపోవద్దు.

అసలైన ఓఆర్‌ఎస్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ కట్టిన కొలత ఉంది. లీటరు నీళ్ళకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9. ఉప్పూ గ్లూకోజూ ఈ పాళ్ళలో ఉంటేనే పేగు నీటిని లోపలికి పీల్చుకుంటుంది. చక్కెర ఎక్కువైతే పేగు ఒంట్లో నీటిని బయటికి లాగుతుంది, బేదులు ఇంకా పెరుగుతాయి. ఏళ్ళ తరబడి అట్టపెట్టెల్లో తీపి పానీయాలు పేరులో ఆ మూడక్షరాలు తగిలించుకుని మందుల షాపుల్లోనే అమ్ముడుపోయాయి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళు దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరును పానీయాల మీద వాడకూడదని ఆదేశించింది. మన తెలుగు డాక్టరు సాధించిన ఈ విజయం ప్రతి తల్లికీ తెలియాలి.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందా చూడండి. ప్యాకెట్లు రెండు సైజుల్లో వస్తాయి, లీటరుకు ఒకటి, 200 మిల్లీలీటర్లకు ఒకటి. పెద్ద ప్యాకెట్‌ను గ్లాసులో కొంచెం కొంచెం కలిపితే పాళ్ళు చెడతాయి. మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళ బాటిల్‌లో కలిపి, 24 గంటల్లో అయిపోకపోతే పారబోయండి. ప్యాకెట్ దొరకని రాత్రి లీటరు నీళ్ళలో ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా. బేదులైన పిల్లలకు జింకు మాత్ర 14 రోజులు ఇవ్వాలి, ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు. ఓఆర్‌ఎస్, జింకు రెండూ ఆశా కార్యకర్త దగ్గర ఉచితం. బేదులు కట్టే మాత్ర పిల్లలకు వేయకండి. బిడ్డ కళ్ళు లోతుకు పోయినా, మూత్రం ఆగినా, మగతగా ఉన్నా ఇక షాపుకు రావద్దు, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పొండి.

సుగ్గికి పోతున్నాం, నొప్పుల మాత్రలు ఎన్ని తీసుకుపోవాలి?

సంక్రాంతి పోయాక కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. పోయే ముందు రోజు మేస్త్రీ ఒకడు వచ్చి పదీ ఇరవై షీట్లు నొప్పి మాత్రలు అడుగుతాడు. వంగి వంగి కాయలు కోసే నడుము నొప్పి ఎట్లాంటిదో నాకు తెలుసు, మా అమ్మ కూడా కోసింది. అయినా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి చీటీ లేకుండా ఇవ్వను. ఇవి షెడ్యూల్ హెచ్ మందులు. పొద్దంతా ఎండలో ఉండి, నీళ్ళు తక్కువ తాగి, ఖాళీ కడుపున రోజుకు రెండు మాత్రలు నెల రోజులు మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీ దెబ్బ తింటుంది. బీపీ మాత్రలు వాడేవాళ్ళకు ఇంకా ప్రమాదం. మొదట్లో నేనూ ఇచ్చాను. రెండేళ్ళ తరవాత అదే మేస్త్రీ డయాలసిస్ పుస్తకం పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఆ మాత్రల వల్లే అయిందని నేను చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఆ రోజు నుంచి ఇవ్వడం మానేశాను.

పారాసిటమాల్ తీసుకుపొండి, హద్దు పైన చెప్పాను. నొప్పి బాము, పూసే డైక్లోఫెనాక్ జెల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తీసుకుపొండి. ప్రతి మూడు నాలుగు గంటలకూ మూత్రం రాకపోతే నీళ్ళు చాల్లేదని గుర్తు. అనంతపురం జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల కీళ్ళు పట్టేసినవాళ్ళకు కూడా ఇదే చెబుతాను, ఏళ్ళ తరబడి నొప్పి మాత్ర సొంతంగా వాడేది కాదు.

గజ్జల్లో తామర. క్రీము పూస్తే తగ్గుతుంది, మానేస్తే మళ్ళీ వస్తుంది. ఎందుకు?

మీరు పూస్తున్న ట్యూబులో స్టెరాయిడ్ ఉంది. క్లోబెటసోల్, బీటామెథాసోన్ అని ఉంటే అదే. దానికి తోడు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపి మూడూ ఒకే ట్యూబులో పెట్టి అమ్ముతారు. స్టెరాయిడ్ దురదను ఒక పూటలో ఆపుతుంది, కాబట్టి మంచి మందు అనిపిస్తుంది. లోపల ఫంగస్ మాత్రం పాకుతుంది. చర్మం పలచబడి గీతలు పడతాయి. ముఖం తెల్లబడుతుందని ఇదే ట్యూబు రాసుకున్న ఆడపిల్లలు ఎర్రగా వాచిన ముఖాలతో వచ్చారు. 2018లో ఈ స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. తామరకు క్లోట్రిమజోల్ ఒక్కటే ఉన్న క్రీము తీసుకుని, మచ్చ దాటి రెండు వేళ్ళ వెడల్పు వరకు, తగ్గాక కూడా రెండు వారాలు పూయాలి. ఇంట్లో అందరి తువ్వాళ్ళూ వేరు చేయాలి. అప్పటికీ తగ్గకపోతే చర్మ డాక్టరు దగ్గరికే.

పెళ్ళి కుదిరింది, ఒళ్ళు రావడానికి మాత్రలు కావాలి.

ఇవ్వను. వాటిలో ఆకలి పెంచే సైప్రోహెప్టడిన్, దానితో పాటు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తుంటారు. నెలలో బుగ్గలు ఉబ్బుతాయి. అది కండ కాదు, నీరూ కొవ్వూ. షుగరు, బీపీ వస్తాయి, ఎముకలు గుల్లబారతాయి. ఇప్పటికే చాలా రోజులుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, అది ఇంకా ప్రమాదం. డాక్టరు మెల్లగా తగ్గిస్తారు. కీళ్ళ నొప్పులకు ఊరూరా తిరిగి అమ్మే పేరులేని పొడి రెండు రోజుల్లో అద్భుతంగా పని చేస్తే అందులోనూ స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించండి.

డి విటమిన్ పొడి రోజూ తాగొచ్చా?

60,000 యూనిట్ల సాచెట్ వారానికి ఒకటి, అది కూడా డాక్టరు చెప్పినన్ని వారాలే, మామూలుగా ఎనిమిది. రోజూ తాగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, కిడ్నీ రాళ్ళు వస్తాయి. ఐరన్ మాత్ర టీతోనూ పాలతోనూ వేసుకోవద్దు. గర్భిణులకు ఐరన్ ఫోలిక్ మాత్రలు ఏఎన్ఎం దగ్గర ఉచితం, కొనక్కర్లేదు.

72 గంటల మాత్రకు చీటీ కావాలా?

అక్కర్లేదు. లీవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర, రక్షణ లేని కలయిక తరవాత 72 గంటల్లోపు ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. ఇది గర్భం రాకుండా ఆపేది, వచ్చిన గర్భాన్ని తీసేది కాదు. గర్భం తీసే కిట్ వేరు, అది డాక్టరు పర్యవేక్షణలోనే. కాగితం మీద రాసి చూపించినా ఇస్తాం, ఎందుకని ఎవరూ అడగరు.

టీవీలో, ఫోనులో షుగరు పూర్తిగా నయమవుతుందని చూపిస్తున్నారు. నమ్మొచ్చా?

షుగరు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ ప్రకటన చూసి ఇన్సులిన్ మానేసినవాళ్ళు పెద్దాసుపత్రిలో తేలడం చూశాను.

రెండు మాత్రలే కొంటే బిల్లు ఇస్తారా?

అడగండి, ఇవ్వాలి. షీటు కత్తిరించేటప్పుడు పేరు, గడువు ఉన్న భాగం మీ వైపు రావాలి. రాకపోతే మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు బిల్లు మీద రాయించుకోండి. 2023 ఆగస్టు 1 నుంచి బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి. ఫోనుతో స్కాన్ చేస్తే కంపెనీ, బ్యాచ్ వివరాలు వస్తాయి, షీటు మీదవాటితో సరిపోవాలి. ఇంటికి తీసుకుపోయాక రేకుల ఇంట్లో టీవీ మీద పెట్టకండి, 30 డిగ్రీల లోపు ఉంచమని రాసిన మందు మే నెలలో అక్కడ ఉడికిపోతుంది. ఇల్లంతా వేడిగా ఉంటే నీళ్ళ కుండ పక్కన, తడి తగలకుండా డబ్బాలో పెట్టండి.

మందు తేడాగా ఉంది, లేదా వేసుకున్నాక ఒళ్ళు దద్దుర్లు వచ్చాయి. ఎవరికి చెప్పాలి?

మిగిలిన మాత్రలు, షీటు, బిల్లు పారేయకుండా దాచండి. మందు నాణ్యత మీద అనుమానమైతే జిల్లాలో డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు ఉంటారు, రాతపూర్వకంగా ఇవ్వండి. పొడులూ సప్లిమెంట్లూ అయితే ఆహార భద్రత అధికారికి. మందు పడక ఇబ్బంది అయితే 1800-180-3024కు ఎవరైనా ఫోన్ చేసి చెప్పొచ్చు, డాక్టరే చెప్పాలని లేదు. ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకుంటే వినియోగదారుల నంబరు 1915.

మా అవ్వకు చదువు రాదు. మాత్రలన్నీ కలిపేసుకుంటోంది.

షీట్లన్నీ ఒక సంచిలో వేసి అవ్వను కూడా తీసుకురండి. మార్కరు పెన్నుతో పొద్దుటి మాత్ర షీటు వెనక ప్రతి గడి మీదా సూర్యుణ్ణి గీస్తాను, రాత్రిదాని మీద నెలవంకను. తిన్నాక వేసుకునేదాని మీద ఒక ముద్ద గుర్తు. గడువు దాటినవి, ఒకే మందు రెండు పేర్లతో ఉన్నవి ఏరి పక్కన పెడతాను. కిందటి నెల ఆలూరు నుంచి వచ్చిన ఒక అవ్వ సంచిలో ఒకే బీపీ మాత్ర మూడు బ్రాండ్ల పేర్లతో దొరికింది. మూడూ రోజూ వేసుకుంటోంది. ముగ్గురు డాక్టర్లు రాశారు, మూడు షాపుల్లో కొన్నారు. ఆమె కళ్ళు తిరిగి పడిపోతోందని వచ్చింది బలం టానిక్ కోసం.